నా సుత్తి ఆగిపోయిన శుక్రవారం

వినేవాడికే సమస్త స్తోత్రాలు. నల్లరాతి మీద నల్లచీమ నడిచినా ఆ అలికిడి ఆయనకు వినబడుతుందని మా చిన్నప్పుడు పెద్దలు చెప్పేవారు. ఇనుమును నేల కడుపులో దాచినవాడు ఆయనే. దాన్ని మెత్తబరిచే నిప్పునూ, వంచే చేతినీ, అది మోగితే మంచిదో చెడ్డదో పోల్చుకునే చెవినీ మనిషికి ఇచ్చినవాడూ ఆయనే. ఇచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు. ఇచ్చినదాన్ని ఇప్పుడు కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకుంటున్నందుకు కూడా నాకు ఫిర్యాదు లేదు. ఆయన పంపిన ప్రవక్తలందరి మీదా శాంతి కలుగుగాక. ఇక నా సంగతి చెబుతాను.

పోయిన నెలలో ఒకనాడు మా పెద్దమ్మాయి నన్ను పెందుర్తి నుంచి మహారాణిపేటలోని చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. టీవీ మోత మరీ పెంచేస్తున్నాననీ, గుమ్మంలో నిలబడి పిలిచినా పలకడం లేదనీ దాని ఫిర్యాదు. అసలు సంగతి దానికి తెలియదు. మా కాలనీ చివర మసీదులో ఇచ్చే అజాన్, నమాజుకు పిలిచే పిలుపు, నాకు వినబడక ఏడాది దాటింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక, గోడ గడియారం చూసుకుని, వినబడినవాడిలాగే లేచి వుజూకు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుని, నా తుమ్మ చేతికర్ర పట్టుకుని బయలుదేరేవాణ్ణి. ముప్పై మూడేళ్లు చెవితో అన్నం తిన్నవాడికి చెవి పోయిందని ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

డాక్టరమ్మ వయసు మా మనవరాలి వయసు కంటే నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటుందేమో. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తీసి, చిన్న రబ్బరు సుత్తితో కొట్టి, దాని కాడను నా చెవి వెనక ఎముకకు ఆనించి, మోత ఆగిపోగానే చెయ్యెత్తమంది. నాకు నవ్వాగలేదు. మా అమ్మాయి నా మోచేతిని గిల్లింది. ఏం చెయ్యను, నేను చేసిన ఉద్యోగం అచ్చంగా అదే కదా. కొట్టడం, మోత వినడం, మంచిదైతే పంపడం, కాకపోతే ఆపడం. మనుషులకు బదులు రైలు చక్రాలు, అంతే తేడా. ఇన్నేళ్లకు నన్నే నిలబెట్టి ఒకరు సుత్తి వేసి చూస్తున్నారు.

ఆ పిల్లకు ఓపిక ఎక్కువ. నేనెందుకు నవ్వానో చెబితే, అరలో నుంచి ప్లాస్టిక్ చెవి ఒకటి తీసి, దాన్ని రెండుగా విప్పి, లోపల బియ్యపు గింజంత ఎముకలు మూడు చూపించింది. చెవిలోని పలుచని పొరకు అతుక్కుని ఉండే మొదటి ఎముక పేరు సుత్తి అట. దాని పక్కనున్నది దాగలి. అదే, కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె. బయట పుట్టిన ప్రతి చప్పుడూ ఆ సుత్తి దాగలి మీద తడితేనే లోపలికి పోతుందట. బడిలో ఎప్పుడో చదివే ఉంటాను, గుర్తు లేదు. "మీ సుత్తికేమీ కాలేదు తాతగారూ, అది శుభ్రంగా ఉంది. లోపలి నరమే అలిసిపోయింది" అంది ఆ అమ్మాయి. ఆ మాట పట్టుకుని పెందుర్తి దాకా బస్సులో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి నేను దిగులు పడుతున్నాననుకుంది. నేను మాత్రం సుత్తుల గురించి ఆలోచిస్తున్నాను.

మా ఇల్లు అప్పట్లో వన్‌టౌన్‌లో, కోటవీధికి దగ్గర. మా నాన్న రేకు పనివాడు. ట్రంకుపెట్టెలు, నీళ్ల డ్రమ్ములు, పెళ్లికూతురికి సామాను పెట్టి పంపే పూలపెట్టెలు చేసేవారు. ఆయన చేతిలో ఉండేది కొయ్య సుత్తి. ఇనుప సుత్తితో కొడితే రేకు మొహం మీద మచ్చ పడుతుందనీ, కొయ్యదానితో కొడితే చెప్పిన మాట వింటుందనీ అనేవారు. మా వీధి మలుపులో కంసాలి సుత్తి ఉండేది, మా అమ్మ చిటికెన వేలంత. రేవు వైపు కమ్మరి కొలిమిలో సమ్మెట ఉండేది, దాన్ని ఎత్తడానికే ఇద్దరు మార్చుకునేవారు. ఇక ఓడ మరమ్మతుకు వచ్చిందంటే చూడాలి, పక్కల వేలాడదీసిన పలకల మీద వరసగా కూర్చుని తుప్పు రాల్చే వాళ్ల చిన్న సుత్తుల చప్పుడు, రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టు వన్‌టౌనంతా వినబడేది. ఆ చప్పుడులోనే మేము చదువుకున్నాం, నిద్రపోయాం. యూనియన్ జెండా మీదా సుత్తే, కోర్టులో జడ్జిగారి బల్ల మీదా సుత్తే. మా మనవలకైతే నేను ఈ పాత కబుర్లు మొదలుపెట్టడమే పెద్ద సుత్తి. వాళ్లు అలా అన్నప్పుడు నాకు కోపం రాదు. ఇన్ని పనులకు పనికొచ్చిన మాట ఇంకొక పనికి కూడా పనికొచ్చిందనుకుంటాను.

నా సుత్తి వీటిలో దేనిలాంటిదీ కాదు. గుప్పెడంత తల, మూడడుగుల కర్ర. అది దేన్నీ విరగ్గొట్టదు, వంచదు, మేకు దించదు. అడుగుతుంది, అంతే. రేవు పక్కన గూడ్సు యార్డులో, బయలుదేరబోయే బండికి ఇద్దరు మనుషులు చెరో పక్కన నడుస్తూ, ప్రతి చక్రాన్నీ ఒక్క దెబ్బ కొట్టి వినాలి. మంచి చక్రం ఖంగుమని, ఆ మోతను కాసేపు పట్టుకుని ఉంటుంది. బీట పడినదైతే, ఓటికుండను తట్టినట్టు థప్పుమని ఊరుకుంటుంది. ఒక పెట్టె చక్రాలన్నీ పలికాక సుద్దముక్కతో దాని మీద ఒక గీత గీయాలి. ఆ గీత చిన్నదే, కాని అది సంతకం లాంటిది. ఈ పెట్టెను అడిగాను, అది నాకు నిజం చెప్పింది అని దాని అర్థం. రెండు పక్కలా గీతలు పడ్డాక, ఇద్దరిలో పెద్దవాడు కాగితం మీద సంతకం చేసి గార్డుకు ఇస్తేనే బండి కదిలేది.

ఆ పెద్దవాడు నాకు పన్నెండేళ్ల పాటు ఒకరే. పద్మనాభం దగ్గర పల్లె నుంచి వచ్చేవారు, రైతు కుటుంబం. తెల్లవారకముందే మడికి నీళ్లు పెట్టుకుని, సైకిలు మీద తగరపువలస చేరి, అక్కడ బస్సెక్కి డ్యూటీకి వచ్చేవారు. ఆయన కాళ్ల పగుళ్లలో ఎప్పుడూ కాస్త మడి బురద ఉండేది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవారు. ఆయన అందరినీ బావా అనే అనేవారు, ఆఖరికి ఇన్‌చార్జి గారిని కూడా, ఆయనకు వినబడనంత దూరంలో ఉన్నప్పుడు. పెట్టెల వరసకు అటు ఆయన, ఇటు నేను. మధ్యలో ఇనుము. మేము ఒకరికొకరం కనబడేవాళ్లం కాదు. ఆయన దెబ్బ, నా దెబ్బ, ఆయన దెబ్బ, నా దెబ్బ. అలా నడిచేవాళ్లం. ఆ నడకలో నాకు తస్బీహ్ పూసలు తిప్పినంత శాంతి ఉండేదని చెబితే మసీదులో కొందరికి నచ్చకపోవచ్చు, కానీ నిజం.

ఇంత చెప్పాక నా తప్పు చెప్పకపోతే ఈ కాగితం కూడా అబద్ధపు గీత అవుతుంది.

నాకు అప్పటికి పాతికేళ్లు, ఉద్యోగానికి ఏడాదిన్నర. శుక్రవారం జుమా నమాజుకు గంటన్నర బయటికి వెళ్లడానికి ఇన్‌చార్జి గారు నోటిమాటగా ఒప్పుకున్నారు. నేను ఆ నమాజుకు మొదటి వరసలోనే కూర్చునేవాణ్ణి. మా నాన్న పక్కన. ఇనుము మధ్య పనిచేస్తూ కూడా మొదటి వరస తప్పనివాడని మా పేటలో నన్ను చూపించి చెప్పుకునేవారు. ఆ పొగడ్త నాకు రుచించింది. అక్కడ మొదలైంది అసలు బీట.

నేను చెప్పబోయే శుక్రవారానికి ముందు వారం, టీ దగ్గర మా యార్డు వాళ్లలో ఒకాయన, అన్న పిలుపునే ఎత్తుకుని, "శుక్రారం మజ్జాన్నం బావది దేవుడి డ్యూటీ, మనకి డబుల్ డ్యూటీ" అన్నాడు. అందరూ నవ్వారు. అది పరిహాసమే, ద్వేషం లేదు. అయినా నాకు మండిపోయింది. నా పెట్టెలు నేను పూర్తి చేయకుండా ఏనాడూ గేటు దాటననీ, ఒక్క చక్రం కూడా ఎవరి నెత్తిన పెట్టననీ అందరి ముందూ అన్నాను. దేవుడి పేరు మీద నేను నిలబెట్టుకోవాలనుకున్నది నా పరువే అని అప్పుడు నాకు తెలియలేదు.

మరుసటి శుక్రవారం బొగ్గు నింపుకున్న బండి ఒకటి ఆలస్యంగా మా చేతికి వచ్చింది. నలభై పెట్టెలు. ఒంటిగంటన్నరకు బయలుదేరాలి. మేము మొదలుపెట్టేసరికే పదకొండు దాటింది. ఎండ పట్టాల మీద మెరుస్తోంది. ముప్పైనాలుగో పెట్టె దగ్గర ఉండగా రేవు మీదుగా గాలిలో అజాన్ వచ్చింది. అన్న ఆ పక్కన నాకంటే నాలుగు పెట్టెలు ముందున్నారు. నాకు ఇంకా ఆరు పెట్టెలు, పెట్టెకు ఒక పక్క నాలుగు చక్రాలు, ఇరవైనాలుగు దెబ్బలు. గట్టిగా పదిహేను నిమిషాల పని. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే వెనక వరసల్లో చోటు దొరుకుతుంది, అంతే. లేదా కేకేసి, అన్నా, నావి ఆరు మిగిలాయి అని చెప్పొచ్చు. కానీ కిందటి వారం అన్న మాట ఉంది కదా. సుత్తిని చంకలో పెట్టుకుని, ఆరు పెట్టెల మీదా వరసగా ఆరు గీతలు గీసి, సైకిలెక్కాను.

పద్ధతిగా వుజూ చేసుకుని, అత్తరు రాసుకుని, మొదటి వరసలో మా నాన్న పక్కన కూర్చున్నాను. ఖుత్బాకు, అంటే అరబ్బీ ప్రసంగానికి, ముందు మా ఇమాం సాబ్ అందరికీ అర్థమయ్యే భాషలో కాసేపు మాట్లాడేవారు. ఆ వేళ ఆయన ఎత్తుకున్నది దావూద్ ప్రవక్త సంగతి. అల్లాహ్ ఆయనకు ఇనుమును మైనంలా మెత్తబరిచి ఇచ్చాడు, ఆయన దాంతో కడియాలు అల్లి కవచాలు చేశాడు. ఇంతవరకు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఇమాం సాబ్ అక్కడ ఆగి, ఇనుము ఇచ్చినవాడు దాంతో పాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చాడు, కడియానికి కడియం కొలత చూసి అమర్చమన్నాడు అన్నారు. రాజ్యమూ, జబూరు గ్రంథమూ ఇచ్చిన ప్రవక్తకు కూడా కవచంలో కడియం కొలత సరిచూసుకోమని చెప్పాడంటే, యుద్ధంలో ఒక్క కడియం ఊడితే లోపలున్న మనిషి పోతాడు కనుక, మనిషి ప్రాణం పనివాడి చేతిలో అమానత్, దాచమని ఇచ్చిన సొమ్ము, కనుక అన్నారు. మా వన్‌టౌన్‌లో రేకు కొట్టేవాళ్లూ, చెక్క కొట్టేవాళ్లూ, ఓడ కొట్టేవాళ్లూ ఆ మసీదు నిండా ఉండేవారు. అందరినీ ఉద్దేశించే ఆయన అన్నారు. నాకు మాత్రం ఆ మాట నా మీదే సుత్తిలా పడింది. లోపల థప్పుమంది.

గోడ గడియారంలో ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. నమాజు అయ్యేదాకా ఉంటే బండి వెళ్లిపోతుంది. వెళితే, నిండిన మసీదులో మొదటి వరస నుంచి లేచి, మనుషుల భుజాల మీదుగా దాటుకుంటూ బయటికి పోవాలి. అది ఎంత తప్పుగా చూస్తారో మావాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావారు ఊహించుకోవచ్చు. మా నాన్న వైపు చూశాను. ఆయన ఇమాం సాబ్ వైపే చూస్తున్నారు. లేచాను. ఎవరో నా లుంగీ అంచు పట్టి లాగారు. ఎవరో నాలుక చప్పరించారు. మెట్ల దగ్గర నా చెప్పులు దొరక్క ఉత్త కాళ్లతోనే సైకిలెక్కాను. తోవంతా నా నోట్లో ఒకటే దుఆ: అల్లాహ్, ఆ బండిని కాసేపు ఆపు, నన్ను మళ్లీ చేరనివ్వు.

యార్డు చేరేసరికి బండి ఉంది. ఇంజను పొగ వదులుతోంది. గార్డు తన పెట్టె మెట్టు మీద నిలబడి మా అన్న వైపు విసుగ్గా చూస్తున్నాడు. అన్న పట్టాల కింద వేసే స్లీపర్ల దొంతర మీద తీరిగ్గా కూర్చుని, ఆరిపోయిన చుట్టను వేళ్ల మధ్య తిప్పుకుంటున్నారు. కాగితం ఆయన చొక్కా జేబులో మడతపెట్టి ఉంది. నేను రొప్పుతూ ఆయన ముందు నిలబడి, చివరి ఆరు పెట్టెలూ నేను కొట్టలేదనీ, కొట్టకుండానే గీతలు పెట్టేశాననీ చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు.

"తెల్సు బావా" అన్నారు ఆయన. "అటేపు నీ సుత్తి ఆగిపోతే నాకు ఇనబడదేటి? ముప్పైనాలుగుకాడ ఆగిపోనాది. ఇంక సంతకం ఎలా ఎడతాను?"

సైకిలును దొంతరకు ఆనించాను. తెలిసి కూడా అప్పుడే ఎందుకు కేకెయ్యలేదని అడిగాను.

"కేకేత్తే వచ్చీసేవోడివే. కేకెయ్యకండా వత్తావో రావో సూద్దారని కూకున్నాను. ఇంకో పావుగంట సూసి, నువ్వు రాపోతే నానే కొట్టీసుకుందును." అలా అని, దొంతర మీద నుంచి లేచి, నా సుత్తికి బదులు తన సుత్తి నా చేతికిచ్చారు. నాది చూస్తే, మసీదు గోడకు ఆనించి వచ్చేశాను. "ఎల్లు. నీ ఇరవైనాలుగూ నువ్వే కొట్టు. ఇటు నాను ఇంతాను."

చొక్కా చేతితో ఆ ఆరు గీతలనూ ముందు చెరిపేశాను. తర్వాత మొదటి చక్రాన్ని కొట్టాను. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. ప్రతి మోతకూ అల్‌హందులిల్లాహ్, దేవుడికే స్తోత్రం, అనుకుంటూ నడిచాను. పెట్టెల అవతల అన్న అడుగుల చప్పుడు నాతో పాటు కంకరలో నడుస్తోంది. ముప్పైతొమ్మిదో పెట్టె దాకా ఒక్కటి కూడా తప్పు పలకలేదు. అప్పుడు నా మనసులో సైతాను అననే అన్నాడు, చూశావా, ఏమీ లేదు, ఊరికే జుమా పోగొట్టుకున్నావు అని.

చివరి పెట్టె మొదటి చక్రం థప్పుమంది.

మళ్లీ కొట్టాను. మళ్లీ థప్పే. సుత్తి దించేశాను. అవతల అన్న అడుగులు ఆగాయి. ఆయన పెట్టె కిందికి వంగి, ఇటు వచ్చి, చక్రం మీద అరచెయ్యి వేసి నిమిరి, పక్కనున్న కమ్మీ వైపు చూసి, నిట్టూర్చారు. యార్డులో బండి జారిపోకుండా చివరి పెట్టెకు వేసే చేతి బ్రేకు ఎవరో విప్పడం మరిచిపోయారు. దాని ఇనుప దిమ్మె ఇటు పక్క చక్రాన్నే కరిచి పట్టుకుని ఉంది, అందుకే అటు అన్నకు తెలియలేదు. గట్టిగా పట్టుకున్న గంట మోగనట్టే, పట్టుబడిన చక్రం కూడా పలకదు.

"సెక్రం పగల్లేదు బావా, బిగిసిపోనాది" అన్నారు అన్న. కమ్మీ ఎత్తి బ్రేకు విప్పి, "ఇప్పుడు కొట్టు" అన్నారు.

కొట్టాను. అది మోగింది. అంత మంచి మోత నేను ఆ ముప్పై మూడేళ్లలో మళ్లీ వినలేదు.

ఆ పెట్టె అలాగే బిగిసిన చక్రాలతో ఈడ్చుకుంటూ పోయి ఉంటే ఎంత దూరం పోయేదో, వేడెక్కి ఎక్కడ కాలిపోయేదో, దాని వెనకనే తన పెట్టెలో అన్నం కారియరు పెట్టుకుని కూర్చున్న ఆ గార్డు ఏమయ్యేవాడో నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదేమో, ముందు స్టేషనులోనే ఎవరో పొగ చూసి ఆపేవారేమో. ఏమయ్యేదో నాకు తెలియకుండా చేయడమే ఆ రోజు నా మీద జరిగిన కరుణ అని ఇప్పటికీ అనుకుంటాను. తమ తప్పుతో ఏం జరిగిందో తెలిసినవాళ్ల బ్రతుకులు ఎలా ఉంటాయో నా ఉద్యోగంలో తర్వాత చూశాను.

అన్న సంతకం చేసి కాగితం గార్డుకిచ్చారు. బండి పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. కుళాయి దగ్గర మళ్లీ వుజూ చేసుకుని, కంకర మీద తువ్వాలు పరుచుకుని, జుమాకు బదులు, రోజూ మధ్యాహ్నం చదివే జొహర్ నమాజు ఒంటరిగా చదువుకున్నాను. సజ్దాలో నుదుటికి బొగ్గు మసి అంటింది. నేను సలాం తిప్పి నమాజు ముగించేదాకా అన్న కాస్త ఎడంగా నిలబడి, అటు వచ్చే మనుషుల్ని చెయ్యి అడ్డం పెట్టి చుట్టూ తిప్పి పంపుతున్నారు. నమాజు చేసేవాడి ముందు నుంచి నడవకూడదని ఆయనకు ఎవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు. జరిగింది ఆయన ఎవరికీ చెప్పలేదు. టీ దగ్గర నవ్విన వాళ్లకు కూడా.

మా పేటలో మాత్రం చెప్పుకున్నారు. జుమా మధ్యలో లేచిపోయాడన్నారు. ఉద్యోగం ఎక్కువైందన్నారు. ఆ సాయంత్రం కొట్టు దగ్గర మా నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను, అబద్ధపు గీతలతో సహా. ఆయన ట్రంకుపెట్టె మూల మడతపెడుతున్నారు. తలెత్తలేదు. కొయ్య సుత్తి ఒక దెబ్బ తప్పింది, అంతే. వారం రోజులు నాతో ఆ మాట ఎత్తలేదు. మళ్లీ శుక్రవారం మసీదులో నేను సిగ్గుతో చివరి వరసలో, చెప్పుల పక్కన కూర్చోబోతే, ఆయన మొదటి వరస దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, నా పక్కనే కూలబడ్డారు. నలభై ఏళ్లుగా మొదటి వరస తప్పని మనిషి. కూర్చుని, నా వైపు చూడకుండానే, నెమ్మదిగా అన్నారు:

"జుమా పోతే జొహర్ సదుంకోవచ్చురా. సెక్రం పోతే దానికి బదులు సదవడానికి ఏటీ లేదు."

ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ ఎక్కడ చోటు దొరికితే అక్కడే కూర్చున్నాం.

శుక్రవారాల పద్ధతి కూడా మారింది. టైము చాలకపోతే, పెట్టెల మీదుగా కేకేసి, అన్నా, నావి ఐదున్నాయి అని అడగడం నేర్చుకున్నాను. అలా అడగడం సమ్మెట ఎత్తడం కంటే బరువుగా ఉండేది మొదట్లో. ఆయన ఊడుపుల రోజుల్లో ఆలస్యంగా వస్తే ఆయన పక్క కూడా నేనే నడిచేవాణ్ణి. ఒకరి దేవుడికీ, ఒకరి మడికీ మధ్య లెక్కలు ఎప్పుడూ చూసుకోలేదు.

అన్న రిటైరైన రోజున, అందరిలాగే తన సుత్తిని స్టోర్లో అప్పగించాలి. మా యార్డులో ఒక ఆనవాయితీ ఉండేది: సుత్తి తల ఆఫీసుది, కర్ర మనిషిది. ఎవరి కర్రను వారే, తమ చేతికి తగ్గట్టు చెక్కుకునేవాళ్లం. అన్నది ఆయన గట్టు మీది తుమ్మ. స్టోర్లో తల ఊడదీసి బల్ల మీద పెట్టి, కర్ర నా చేతికిచ్చి, "ఇనుం ఆలది, కర్ర నీది. ఉంచుకో బావా, ముసిలోడివైతే పనికొత్తాది" అని నవ్వారు. ఆయన వెళ్లిపోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. పద్మనాభంలో ఆయన కార్యానికి వెళ్లినప్పుడు, ఆయన పిల్లలు నన్ను మావయ్యా అని పిలిచి పెద్దల పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ కర్రే ఇప్పుడు నా చేతికర్ర. ఆయన అన్నట్టే పనికొచ్చింది.

నాలుగు రోజుల కిందట చెవిలో పెట్టుకునే మిషను వచ్చింది. మొదట దాని గోల భరించలేకపోయాను. గిన్నెలు, మోటారు బళ్లు, మా అమ్మాయి తాళాల గుత్తి, అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. రాత్రి దాన్ని తియ్యడం మరిచి పడుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున మాత్రం గడియారం చూడకముందే మెలకువ వచ్చింది. కాలనీ చివర నుంచి అజాన్ వస్తోంది. పక్క మీదే కూర్చుని, అది చివరిదాకా విని, అప్పుడు లేచాను. మా అమ్మాయి వచ్చి ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే, మిషను బాగుందని చెప్పాను.

ఇప్పుడు చక్రాల్ని అడగడానికి పట్టాల పక్కన మిషన్లు పెట్టారట. బండి పరుగెత్తుతుండగానే అన్ని చక్రాలనూ వింటాయట, వేడి కూడా చూస్తాయట, మనిషి కంటే బాగా వింటాయట. మంచిదే. నా చెవిలో ఉన్నది కూడా మిషనే కదా, నేను వాటిని తక్కువ చేయను. గార్డులు క్షేమంగా ఇళ్లకు చేరితే అంతకంటే ఏం కావాలి. కాని బండికి చెరో పక్కన ఇద్దరు మనుషులు నడిచే రోజులు పోయాయని తలుచుకుంటే ఎక్కడో వెలితి. మిషను చక్రం తప్పు పలికితే వింటుంది. అటు పక్క మనిషి సుత్తి ఆగిపోతే ఎవరు వింటారు? విని, కేకెయ్యకుండా, సంతకం పెట్టకుండా, వాడు తనంతట తాను తిరిగి రావడానికి ఒక పావుగంట ఉంచి, స్లీపర్ల మీద కూర్చునేది ఎవరు? నాకు అలాంటి మనిషి ఒకరు దొరికారు. అల్లాహ్ తౌబాకు, పశ్చాత్తాపానికి, తలుపు తెరిచి ఉంచుతాడని నేను పుస్తకంలో చదివాను, మసీదులో విన్నాను. అది ఎలా ఉంటుందో మాత్రం ఆరిపోయిన చుట్టతో కూర్చున్న ఒక పద్మనాభం రైతులో చూశాను.

నా ఈడువాళ్లారా, మీరు ఏ గుమ్మం దగ్గర నిలబడి దేవుణ్ణి పిలిచేవారైనా సరే, ఈ ముసలివాడితో పాటు ఒక్కసారి చేతులెత్తండి. అన్నీ వినేవాడా, మా చేతులు ఎక్కడెక్కడ ఆగిపోయాయో, మేము ఎన్ని అబద్ధపు గీతలు గీశామో నీకు తెలుసు. వాటిని చెరుపుకుని మళ్లీ కొట్టడానికి మాకు కాస్త వ్యవధి ఇవ్వు. మాకు ఆ వ్యవధి ఇచ్చి వెళ్లిపోయినవారికి నీ దగ్గర చల్లని చోటు ఇవ్వు. బిగిసిపోయినవాటిని విప్పు. చివరి రోజున నువ్వు మమ్మల్ని తట్టి చూసినప్పుడు, మేము మోగేలా చెయ్యి. ఆమీన్ అనండి.